నలుగురితో మెలగడం కథలతో నేర్పాలంటే: ఊ కొట్టించడం నుంచి సెల్లార్ గొడవ దాకా

మా చిన్నోడికి ఆరేళ్ళు. పోయిన వేసవి సెలవుల్లో వాడికి అబద్ధాలు బాగా అలవాటయ్యాయి. పళ్ళు తోముకున్నావా అంటే తోముకున్నాననేవాడు, వెళ్ళి చూస్తే బ్రష్ పొడిగా ఉండేది. మా చిన్నప్పుడు ఈ రోగానికి అందరి ఇళ్ళలోనూ ఒకటే మందు కాబట్టి, ఆ రాత్రి 'నాన్నా పులి' కథ ఎత్తుకున్నాను. పులి గాండ్రింపులూ పిల్లాడి కేకలూ అన్నీ పెట్టి, ఆఖర్న గొంతు బాగా తగ్గించి "చూశావా, అబద్ధాలాడితే ఏమవుతుందో" అన్నాను. వాడు కాసేపు ఫ్యాన్ కేసి చూసి, "అంటే రెండుసార్లు ఆడొచ్చన్నమాట, మూడోసారికే డేంజర్" అన్నాడు. మర్నాడు పొద్దున్న బ్రష్ తడిపి పెట్టాడు.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే వాడు కథని సరిగ్గానే విన్నాడు. మనకి ఆఖరి నీతి వాక్యం కనిపిస్తుంది. పిల్లలకి కనిపించేది వేరే: ఎవరు గెలిచారు, ఎవరికి దెబ్బ తగిలింది, ఎన్నోసారికి తగిలింది. టొరంటో యూనివర్సిటీలో కాంగ్ లీ అనే ఆయన బృందం 2014లో మూడు నుంచి ఏడేళ్ళ వయసు పిల్లలు 268 మందితో ఇదే పరీక్షించింది. వెనక పెట్టిన బొమ్మని తొంగిచూడొద్దని చెప్పి గదిలోంచి వెళ్ళిపోవడం, తిరిగొచ్చి ఒక కథ చదవడం, ఆ తర్వాత "చూశావా?" అని అడగడం. 'నాన్నా పులి' లాంటి భయపెట్టే కథ విన్నవాళ్ళు మామూలు కంటే ఎక్కువ నిజం చెప్పలేదు. చెర్రీ చెట్టు నరికి నిజం ఒప్పుకుని, తండ్రి మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ కథ విన్నవాళ్ళు మాత్రం ఎక్కువగా నిజం చెప్పారు. ఆ కథనే మార్చి, ఒప్పుకోనందుకు శిక్ష పడినట్టు చెబితే ఆ ఫలితం పోయింది.

ఇది చదివాక నేను కథలు మానలేదు, చెప్పే పద్ధతి మార్చుకున్నాను. మేముండేది విశాఖపట్నం మధురవాడలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. సాయంత్రం ఆరింటికి సెల్లార్‌లో పద్నాలుగు మంది పిల్లలు, ఏడు సైకిళ్ళు, ఒక్క బంతి. నలుగురితో మెలగడం నేర్చుకోవడానికైనా, తలలు పగలగొట్టుకోవడానికైనా అదే చోటు. కింద రాసినవి ఏడాదిగా మా ఇంట్లో చేసి చూసినవే, పొరపాట్లతో సహా.

మొదటి అడుగు: ఒక్క అలవాటు పట్టుకోండి

"మావాడు అల్లరి" అంటే దానికి కథ లేదు. "సైకిల్ వంతు ఇవ్వడు", "కొత్త పిల్లని ఆటలో చేర్చుకోదు", "ఓడిపోతే చెయ్యి చేసుకుంటాడు" అంటే ఉంది. వారం రోజులు గమనించి ఒక్కటి ఎంచుకోండి. నేను వంటింట్లో క్యాలెండర్ వెనక రాసుకున్నాను: ఏ రోజు, ఎవరితో, ఏం జరిగింది. మూడు రోజులకే ఒకటి తేలింది. మావాడి గొడవల్లో సగం ట్యూషన్ నుంచి ఆకలితో వచ్చిన అరగంటలోనే జరుగుతున్నాయి. దానికి కథ అక్కర్లేదు, రెండు ఇడ్లీలు చాలు. నిద్ర చాలని పిల్లకీ, కడుపు కాలుతున్న పిల్లాడికీ కథ చెప్పి మార్చాలనుకోవడం మన అమాయకత్వం. అలాగే మూడేళ్ళ పిల్ల బొమ్మ ఇవ్వనంటే అది వయసు, బుద్ధి లోపం అనుకోకండి.

రెండో అడుగు: అలవాటుకి తగ్గ కథ

అసలు పని ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

గొడవలు పడే పిల్లలకి ఏడు చేపల కథని మించింది నాకు కనిపించలేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండని ఒక్క చేప. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపుని అడిగితే ఆవు మేయలేదు, ఆవుని అడిగితే పాలేరు మేపలేదు, పాలేరుని అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వని అడిగితే పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి అడిగితే చీమ కుట్టింది. చీమని అడిగితే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. మనం దీన్ని నోరు తిరగడానికి చెప్పే కథగా చూస్తాం. కానీ చూడండి, ఈ కథలో ఎవరినీ కొట్టరు. ప్రతివాణ్ణీ ఎందుకని అడుగుతారు, చెప్పింది విని తర్వాతి వాడి దగ్గరికి వెళ్తారు. ఎదురుగా కనిపించినవాడే దోషి అనుకోకుండా వెనక్కి వెళ్ళి చూడటం, అదీ నాలుగేళ్ళ పిల్లకి అర్థమయ్యే లయలో. చివర చీమ మాటలో ఇంకోటి ఉంది: నా చోటులో చెయ్యి పెట్టకు.

జట్టులో ఎప్పుడూ తనే ముందుండాలనే పిల్లలకి పంచతంత్రంలో పావురాల కథ చెప్పండి, కానీ పూర్తిగా చెప్పండి. వల పడింది, అన్నీ ఒక్కసారి రెక్కలు కొట్టాయి, వలతో సహా ఎగిరిపోయాయి, ఐకమత్యమే బలం అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు మాట దాని తర్వాత ఉంది. పావురాల రాజు చిత్రగ్రీవుడు స్నేహితుడైన హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి వెళ్తే, ఎలుక ముందు రాజుగారి కట్లే కొరకబోతుంది. ఆయన వద్దంటాడు, ముందు నా వాళ్ళవి కొరుకు, నావి ఆఖర్న చూద్దువు అంటాడు. కెప్టెన్‌నని చెప్పి ముందు బ్యాటింగ్ లాక్కునే పిల్లాడికి తగలాల్సిన చోటు ఇది.

అబద్ధాలకి నేను 'నాన్నా పులి' పక్కన పెట్టి ఆవు-పులి కథకి మారాను. దూడకి పాలిచ్చి తిరిగొస్తానని పులికి మాటిచ్చిన ఆవు, చెప్పినట్టే తిరిగొస్తుంది, పులి దాన్ని వదిలేస్తుంది. ఇది మనకి కొత్త కాదు, అనంతామాత్యుడు భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా ఎప్పుడో పద్యాల్లో పెట్టాడు. నిజానికి ఇక్కడ శిక్ష లేదు, గౌరవం ఉంది. టొరంటో వాళ్ళు పరీక్షలో తేల్చింది మన అవ్వలకి వాడుకలో ఉంది, మనమే మర్చిపోయి పులిని పట్టుకున్నాం.

కొత్తవాళ్ళని కలుపుకోవడానికి పేదరాశి పెద్దమ్మ. ఊరుగాని ఊరొచ్చిన రాకుమారుడికి తిండి పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి, దారి చెప్పే ముసలమ్మ. ఏ కథలోనైనా ఆవిడ ఇల్లు తలుపు తీసే ఉంటుంది. మా ఫ్లాట్లలోకి ఒడిశా నుంచి ఒక కుటుంబం వచ్చి, వాళ్ళ పాపకి తెలుగు రాక మూల నిలబడితే, మావాడికి ఆ వారమంతా పెద్దమ్మ కథలే. మధ్యలో ఎదుటివాళ్ళ మాటకి అడ్డొచ్చే అలవాటుకి హంసలు మోసుకెళ్ళిన తాబేలు, స్నేహంలో మోసపోయి కుమిలిపోతున్న పిల్లకి కోతి-మొసలి. ఇవి అందరికీ తెలిసినవే.

వయసు సంగతి. మూడు నాలుగేళ్ళకి ఏడు చేపల్లాంటి గొలుసు కథలు, అయిదు నుంచి ఏడుకి జంతువుల కథలు, ఎనిమిది దాటాక మర్యాద రామన్న తీర్పులు, భేతాళ కథలు. భేతాళ కథలు అన్నీ పిల్లలకి పనికిరావు, ఏరుకోవాలి. కానీ వాటి కట్టుబాటు నాకు చాలా ఇష్టం: కథ చెప్పేవాడు నీతి చెప్పడు, ప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే నీ తల వెయ్యి చెక్కలవుతుందంటాడు.

మూడో అడుగు: చెప్పేముందు కథని ఒకసారి జల్లించండి

పాతది కదా అని అన్నీ మంచివని లేదు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తీసుకోండి. ఆవునిచ్చి పిల్లిని పెంచమంటే, మరిగే పాలు పెట్టి దాని మూతి కాల్చి, పాలంటేనే భయపడేలా చేస్తాడు. పెద్దవాళ్ళకి రాజుగారి ఆర్భాటం మీద చురక. అయిదేళ్ళ పిల్లాడికి మాత్రం పిల్లి మూతి కాల్చడం తెలివి, అందరూ నవ్వారు కూడా. కుందేలు సింహాన్ని బావిలోకి దూకించే కథ తనకన్నా పెద్దవాళ్ళ చేతిలో దెబ్బలు తింటున్న పిల్లకి ధైర్యమిస్తుంది, అదే కథ పక్కవాళ్ళని బుట్టలో వేసే గడుగ్గాయికి ఇంకో ఐడియా ఇస్తుంది. ఎవరికి చెబుతున్నామన్నది చూసుకోవాలి.

నేను వెతికి తీసేసేవి మూడు: నల్లగా ఉన్నారు కాబట్టి రాక్షసులు, సవతి తల్లి కాబట్టి చెడ్డది, కుంటివాడో గూనివాడో కాబట్టి నవ్వండి. మా ఫ్లాట్లలోనే ఒకమ్మాయి అమ్మ నిజంగా సవతి తల్లి, ఆవిడంత ఓపిక నాకు లేదు. అలాగని చావునీ భయాన్నీ మొత్తం కడిగేయకండి. పులి పళ్ళు పీకేస్తే ఆవు తిరిగిరావడంలో గొప్పేముంది?

నాలుగో అడుగు: ఊ కొట్టించండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చీకటైనప్పుడు మా అమ్మాయికి అయిదేళ్ళు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టీవీ లేదు, ట్యాంకులో నీళ్ళు లేవు. మా అత్తగారు అప్పుడు పలాస నుంచి వచ్చి మా దగ్గర ఇరుక్కుపోయారు. కొవ్వొత్తి పొదుపుగా వాడాలని ఆర్పేసి, మెట్ల మీద కూర్చుని, చుట్టూ ఫ్లాట్ల పిల్లలందర్నీ చేర్చుకుని ఆవిడ మొదలెట్టేవారు. "ఊ కొట్టకపోతే కత ఆగిపోద్దర్రా" అనేవారు, నిజంగానే ఆపేసేవారు కూడా. చీకట్లో పదిమంది పిల్లల ఊ వినిపించేది. అంతకుముందు రోజు దాకా ఒకరి పేరు ఒకరికి తెలియని పిల్లలు.

ఊ కొట్టడంలో పెద్ద కిటుకు ఉంది. పిల్ల వింటోందో లేదో మనకి తెలుస్తుంది, ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వింటున్నానని తెలియజేయాలన్న మర్యాద పిల్లకి అబ్బుతుంది. మన ఉత్తరాంధ్ర జముకుల కథలో ప్రధాన కథకుడి పక్కన వంత అందుకునేవాళ్ళు ఉంటారే, ఇంట్లో ఆ పని పిల్లలది.

ఎలా మొదలుపెట్టాలంటే, రాత్రి అన్నాలయ్యాక, లైటు తీసేసి, ఫోన్ వేరే గదిలో పెట్టి, పది పన్నెండు నిమిషాలు. పుస్తకం చూసి చదివినా ఫర్వాలేదు గానీ, నోటితో చెబితే పిల్ల మొహం చూసి కథని సాగదీయొచ్చు, ముడవొచ్చు. "అనగనగా" అని మొదలవ్వాలి, "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగియాలి. ఆ రెండు మాటల మధ్య ఉన్నదంతా భద్రమైన చోటని పిల్లలకి తెలుసు, అక్కడ పులి వచ్చినా ఇంటికి తిరిగొస్తాం. ఒకే కథని అయిదారు రాత్రులు చెప్పండి. మనకే విసుగు, వాళ్ళకి కాదు.

ఇంగ్లీష్ మీడియం పిల్లలకి మాటల దగ్గర ఇబ్బంది వస్తుంది. గడ్డిమోపు అంటే మావాడు "మాప్‌తో గడ్డి తుడుస్తారా?" అన్నాడు. కథ మధ్యలో అర్థాలు చెప్పకండి, లయ చచ్చిపోతుంది. మోపు ఎంతుంటుందో చేతులతో చూపించి ముందుకెళ్ళిపోండి, మిగతాది పొద్దున్న.

ఐదో అడుగు: కూడలిలో ఆపండి

ప్రతి కథలోనూ ఒక కూడలి ఉంటుంది. పులి దగ్గరికి వెళ్ళాలా, దూడ దగ్గర ఉండిపోవాలా? కాకి వర్షంలో తడుస్తూ తలుపు కొట్టింది, పిచ్చుక తియ్యాలా? సరిగ్గా అక్కడ ఆగి అడగండి. ఏం అడగాలో ముఖ్యం. "తియ్యాలా వద్దా?" అంటే మనకి ఏ జవాబు కావాలో పిల్లలు మన గొంతులోనే కనిపెట్టేస్తారు. "ఇప్పుడు కాకి ఏమనుకుంటూ ఉంటుంది?" అనండి. "పిచ్చుక లోపల ఏం చేస్తోంది?" అనండి. వాళ్ళు చెప్పింది తప్పనకండి.

కాకి కథకి మావాడి జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. పేడతో కట్టుకున్న కాకి ఇల్లు వానకి కొట్టుకుపోయి, కాకి వచ్చి తలుపు కొడితే, పిచ్చుక పిల్లకి స్నానం చేయిస్తున్నా ఉండు, అన్నం పెడుతున్నా ఉండు అని ఆలస్యం చేస్తుంది కదా. ఎన్నో ఏళ్ళుగా నేను దీన్ని సోమరి కాకి కథగానే చెబుతున్నాను. వాడు "పిచ్చుకది తప్పు, స్నానం తర్వాత చేయించొచ్చుగా, కాకికి జలుబు చేస్తుంది" అన్నాడు. నేను ఆఖర్న చెబుదామని దాచిపెట్టుకున్న నీతి, గట్టి ఇల్లు కట్టుకోవాలి అన్నది, మింగేశాను. వాడికి దొరికిందే మంచిది.

అందుకే "దీనివల్ల మనం తెలుసుకున్న నీతి ఏమిటి?" అన్న ప్రశ్న బడికి వదిలేయండి. అది అడిగామంటే పిల్లలు కథలోంచి లేచి పరీక్ష బెంచీ మీద కూర్చుంటారు.

ఆరో అడుగు: జంతువు నుంచి మనిషికి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. టొరంటోలోనే ఇంకో బృందం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకి, పంచుకోవడం గురించి ఒకే కథని కొందరికి జంతువుల బొమ్మలతో, ఇంకొందరికి మనుషుల బొమ్మలతో చదివింది. 2018లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం మనుషుల కథ విన్నవాళ్ళు తమ స్టిక్కర్లు ఎక్కువ పంచారు, జంతువుల కథ విన్నవాళ్ళు పంచడం పెరగలేదు. జంతువులు కూడా మనలాగే ఆలోచిస్తాయని నమ్మిన పిల్లలు మాత్రం కొంచెం మెరుగు.

అలాగని పంచతంత్రం అటకెక్కించేయక్కర్లేదు. మూడు నాలుగు రాత్రులు పావురాల కథ అయ్యాక, అయిదో రాత్రి అదే కథని మనుషులతో చెప్పండి. "అనగనగా మధురవాడలో ఒక అపార్ట్‌మెంటు, అందులో లిఫ్ట్ మధ్యలో ఆగిపోయింది, లోపల అయిదుగురు పిల్లలు." వల బదులు లిఫ్ట్, ఎలుక బదులు వాచ్‌మన్. ముందు ఎవరిని బయటికి తియ్యాలి? నేను ఇది చెప్పినప్పుడు మావాడు మొదట తన పేరే చెప్పాడు, తర్వాత కొంచెంసేపు ఆగి, "చిన్న పాపని ముందు, నేను లావుగా ఉన్నా కాబట్టి ఆఖర్న" అన్నాడు. లావుకీ దానికీ సంబంధం ఏంటో ఇప్పటికీ తెలీదు.

ఒక్క జాగ్రత్త: మీ కథలో పిల్లలకి అసలు పేర్లు పెట్టకండి. కింది ఫ్లాట్ అబ్బాయి పేరుతో చెడ్డ పాత్ర చెప్పారనుకోండి, మర్నాడు సాయంత్రానికి ఆ సంగతి వాళ్ళమ్మకి చేరుతుంది.

ఏడో అడుగు: వాళ్ళ చేత చెప్పించండి, ఆడించండి

విన్న కథని పిల్లలు తిరిగి చెప్పినప్పుడు ఏది మిగిలిందో బయటపడుతుంది. ఆదివారం పొద్దున్న తాతకి ఫోన్ చేసి చెప్పమనండి. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా దూరినట్టు మధ్యలో మనం వెర్రి ప్రశ్నలు వెయ్యొచ్చు. తర్వాత నటించడం. ఇక్కడ కిటుకు వేషాలు మార్చడమే: తలుపు తియ్యని వాడికి కాకి వేషం ఇవ్వాలి, ఎప్పుడూ ఓడిపోయే పిల్లకి చిత్రగ్రీవుడి వేషం. బాత్రూమ్ తలుపు బయట నిలబడి "పిచ్చుకా పిచ్చుకా తలుపు తియ్యి" అని నాలుగుసార్లు అడిగి, నాలుగుసార్లూ "ఉండు" అనిపించుకున్న మావాడికి నిజంగానే ఏడుపొచ్చింది. కొంచెం ఎక్కువైందని తలుపు తీసేశాను.

ఎనిమిదో అడుగు: మర్నాడు దాన్ని కర్రలా వాడకండి

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. సెల్లార్‌లో వాడు సైకిల్ ఇవ్వకపోతే అందరి ముందూ "ఏరా, నువ్వు తలుపు తియ్యని పిచ్చుకవా?" అన్నాను. పిల్లలు పట్టుకున్నారు. వారం రోజులు వాణ్ణి "పిచ్చుకా" అని ఏడిపించారు, ఆ కథ మా ఇంట్లో చచ్చిపోయింది, ఇప్పటికీ వాడు వినడు. కథలో పాత్రని తిట్టుగా వాడితే పిల్లలు ఆ కథలోకి మళ్ళీ రారు.

పనిచేసేది ఇంకోలా ఉంటుంది. ఒకరోజు మావాడు రెండో అంతస్తు పిల్లాణ్ణి తోసేశాడు, సైకిల్ కింద పడింది, ఇద్దరూ ఏడుపు. నేను పడిన సైకిల్ పక్కన కూర్చుని, గొంతు మార్చకుండా, "చేపా చేపా ఎందుకు తోశావు?" అన్నాను. వాడు నావైపు కోపంగా చూసి, "వీడు నా బెల్ పీకాడు" అన్నాడు. ఆ పిల్లాడి వైపు తిరిగి, "గడ్డిమోపా గడ్డిమోపా, బెల్ ఎందుకు పీకావు?" "వీడు నన్ను ఆటలోకి రానివ్వలేదు." "ఎందుకు రానివ్వలేదు?" "నిన్న ఆట మధ్యలో బాల్ పారేసి పైకి పోయాడు." "ఎందుకు పోయావు నాన్నా?" "మా అమ్మ ట్యూషన్‌కి పిలిచింది." చుట్టూ చేరిన పిల్లలందరూ ఒక్కసారి "ట్యూషన్ చీమ!" అని అరిచారు. ఏడుస్తున్న ఇద్దరికీ నవ్వొచ్చేసింది.

కారణం దొరికిందంటే తప్పు మాఫీ అయిపోయిందని కాదు. నవ్వులయ్యాక మావాడి చేత సైకిల్ ఎత్తించాను, ఆ పిల్లాడి చేత బెల్ బిగింపించాను. అది కూడా కథలో భాగమే అన్నట్టు చేశాం. ఇప్పుడు పెద్ద పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గొడవల్లో "చేపా చేపా" అంటున్నారు, ఒక్కోసారి వెక్కిరింపుగా, ఒక్కోసారి నిజంగా.

తొమ్మిదో అడుగు: బయటికి తీసుకెళ్ళండి

భీమిలి రోడ్డులో తొట్లకొండ ఉంది, రాతిలో తొలిచిన నీటి తొట్లు, బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాలు. కోతి-మొసలి, తాబేలు-హంసలు కథలు జాతక కథల్లో కూడా ఉన్నాయి, కాబట్టి సముద్రం కనపడే ఆ మెట్ల మీద కూర్చుని అవి చెబితే, ఇలాంటి కథలు వాళ్ళూ చెప్పుకునేవాళ్ళేమో అని పిల్లలు తామే అడుగుతారు. సింహాచలం వెళ్ళినప్పుడు ప్రహ్లాదుడు. పెద్దవాళ్ళు చెప్పిందల్లా వినమని నేర్పే మనమే, తప్పు చేయమంటే తండ్రికైనా కాదని చెప్పొచ్చనీ, అదీ తిట్టకుండా గట్టిగా చెప్పొచ్చనీ ఈ కథతో నేర్పొచ్చు. పిల్లల భద్రత గురించి మాట్లాడటానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు.

ఎన్నాళ్ళు పడుతుంది? మా ఇంట్లో ఒక్కో అలవాటుకి నెల, నెలన్నర పట్టింది. కొన్ని అసలు మారలేదు, ఓడిపోతే అలగడం ఇంకా ఉంది. బ్రష్ సంగతి మాత్రం ఆవు-పులి మూడో వారంలో తేలింది. "తోముకోలేదు, ఇప్పుడు తోముకుంటా" అన్నాడు, నేను ఏమీ అనకుండా వీపు తట్టాను. ఆ తట్టడం మర్చిపోతే మాత్రం కథ పని సగంలో ఆగిపోతుంది. ఆవు తిరిగొచ్చినప్పుడు పులి మెచ్చుకుంది కదా, ఇంట్లో ఆ వేషం మనదే.

పోయిన నెల ఒక ఆదివారం వాణ్ణి పెదజాలారిపేట తీసుకెళ్ళాను. ఇసక మీద చేపలు ఎండబెట్టి, కాకులు రాకుండా ఒకామె కర్ర పట్టుకుని కూర్చుంది. మావాడు వంగి వంగి చూసి, ఒకటి ఇంకా తడిగా ఉందని కనిపెట్టి, నా చెయ్యి వదిలేసి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఈ చేప ఎందుకు ఎండలేదు?"

"నిన్న మబ్బేసింది కదా బాబూ" అందామె.

వాడు తలెత్తి సముద్రం మీదకి చూశాడు. "మబ్బూ మబ్బూ, ఎందుకేశావు?"

ఆమె కర్ర పక్కన పెట్టి "ఊ" అంది.